దంపుడు పాటకు పేరు

నేను ఒక హార్డ్ డిస్కుని. అరచేతిలో ఇమిడిపోతాను గానీ, నాలో ఉన్న పాటలన్నీ వరసపెట్టి వినాలంటే మీకు నెలలు పడుతుంది. మూతులకు గుడ్డలు కట్టుకున్న మనుషులు దుమ్ము చొరని గదిలో నన్ను తయారు చేశారు. అక్కడి నుంచి తిన్నగా రాజాంలో మైకుసెట్ల సింహాద్రి కొట్లోకి, బోలెడంత దుమ్ములోకి వచ్చి పడ్డాను.

సింహాద్రి తన పాత కేసెట్లన్నీ నాలోకి ఎక్కించాడు. పెళ్లిపాటలు, భజనలు, నాటకాల పద్యాలు, వీధిలో తనే రికార్డు చేసినవి, అన్నీ. పేర్లు మాత్రం రాయలేదు. "పందిట్లో మోగడానికి పాటుంటే సాలు, పేరెందుకు?" అనేవాడు. శుభలేఖలో తమ పేరు ఒక్క అక్షరం తప్పితే అలిగే మనుషులు, పాడినవాళ్ల పేరు మొత్తం పోయినా గమనించరు.

మోకాళ్లు పట్టేసి కొట్టు మూసేశాక అతను నన్ను ఊళ్లోని చిన్న రేడియో కేంద్రానికి ఇచ్చాడు. అక్కడ పాటల బాధ్యత చూసే హైమవతి నన్ను కంప్యూటరుకి తగిలించి తల పట్టుకుంది. ఎక్కడ చూసినా 'గాయకులు తెలియదు' అనే. పాటను బట్టి పేరు పట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి నడిపింది. సినిమా పాటలకు అది చకచకా పేర్లు పెట్టేసింది. వడ్లు దంపుతుండగా ఒక ఆడమనిషి పాడిన పాటకు కూడా, ఏమాత్రం తడుముకోకుండా, ఎవరో మగగాయకుడి పేరు తగిలించింది.

"పేరంటూ ఒకటి వచ్చింది కదా, ఉండనివ్వండి. రేపు దంపుడు పాటల కార్యక్రమంలో వేసేద్దాం" అన్నాడు మేనేజరు.

"ఇది ఆడగొంతు సార్" అంది హైమవతి. ఆ పేరు చెరిపేసి, నన్నూ లాప్‌టాప్‌నూ సంచిలో వేసుకుని సింహాద్రి ఇంటికి బయల్దేరింది.

అతను కళ్లు మూసుకుని విన్నాడు. "ఇది మా ఈదిలోనే పట్టినాను. పైడితల్లి గొంతులాగుంది. ఆ సివరింట్లో ఉంటాది, అడగమ్మా."

పైడితల్లి అరుగు మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. పాట మొదలవగానే ఆమె చేతులు ఆగిపోయాయి. అయిపోయేదాకా తలెత్తలేదు.

"బాగా పాడారమ్మా. మీ పేరు రాసుకుంటాను" అంది హైమవతి.

ఆమె ఊ అంటే చాలు. కాదనేవాళ్లెవరూ లేరు.

"నాను కాదమ్మా. నాది రోకటి సప్పుడు. పాడింది మా అప్ప పోలమ్మ. పోయి శానా కాలమైంది. అక్కసెల్లెళ్లం, ఇద్దరివీ ఒకలాటి గొంతులే."

హైమవతి పోలమ్మ అత్తవారి ఇంటిపేరు అడిగింది. పైడితల్లి మొహం బిగుసుకుంది.

"ఆ పేరు రాయకు. ఆల్లింట్లో దాన్ని నోరెత్తనిచ్చినోరు కారు. పురిటికొచ్చినప్పుడు ఇక్కడ పాడింది. మా పుట్టింటోరు మజ్జోరు. మజ్జి పోలమ్మ అని రాయి."

"మరి రోకలి వేసింది మీరేగా?"

"సప్పుడికి కూడా పేరు రాత్తారా?" అని ఆమె నవ్వింది.

హైమవతి రెండు పేర్లూ అక్కడే, ఆ అరుగు మీదే ఎక్కించింది.

ఇప్పుడు నాకు వయసు మీదపడింది. నాలోని పాటలన్నీ పేర్లతో సహా కొత్త డిస్కులోకి వెళ్లాయి. అలమరలో తీరిగ్గా ఉన్నాను. మళ్లీ మళ్లీ తలుచుకునేది ఆ కార్యక్రమం రోజునే. హైమవతి పేర్లు చదివి పాట వేసింది. పాట ముగిసిందో లేదో కేంద్రానికి ఫోను వచ్చింది. పైడితల్లి.

"ఇంకోపాలి ఏత్తారా అమ్మా?"

"పాట మొత్తమా?"

"పాట నాకొచ్చు. ముందల సెప్పినారు కదా, మా అప్ప పేరు. అది సెప్పండి."

హైమవతి మైకు దగ్గరకు జరిగి, నిదానంగా, ఒక్కో అక్షరం వినపడేలా చెప్పింది.