సూదిబెజ్జంలో వెలుగు

సాయంత్రమయ్యేసరికి అమ్మ కుట్టుమిషను దగ్గర కూర్చునేది. చొక్కాలకు గుండీలు కుట్టడం రోజులో ఆఖరి పని. కళ్లద్దాలు పెట్టుకున్నా ఆమె కంటికి సూదిబెజ్జం ఆనేది కాదు. "ఎక్కించవే" అంటూ సూదీ దారమూ అందించేది. అక్క దారం కొసను పెదాలతో తడిపి ఒక్క విసురులో ఎక్కించేసేది. ఆ ఇంట్లో అది అక్క ఉద్యోగం.

తమ్ముడికి గొంతునొప్పి వచ్చాక ఆ ఉద్యోగం ఊడింది.

నొప్పి మొదలైన రోజే వాడి గొంతులో వెలుగు పడింది. నోరు తెరిస్తే చాలు, వాచిన టాన్సిల్స్ రెండూ నారింజరంగులో వెలిగేవి. గోడ మీద వాడి పళ్ల నీడలు పడేవి. అంత వాచిన గొంతు వెలగక ఏం చేస్తుందని ఎవరూ పట్టించుకోలేదు. గొంతు డాక్టరు కూడా టార్చి తిరిగి జేబులో పెట్టేసుకుని, "వీడికిది దండగ" అన్నాడు.

అమ్మ భయమల్లా వెలుగు వెనకాల వచ్చేదాని గురించే. చెవిపోటు, ముక్కుదిబ్బడ సరే, అందరి పిల్లలకీ వస్తాయి. వీడు మాత్రం ఒక పొద్దున వేరే పిల్లాడిలా లేచాడు. కళ్లు టపటపలాడించడం, చర్మం రేగేదాకా చేతులు కడగడం, "తలుపు వేశావా అమ్మా?" అని అడిగిందే అడగడం.

"గొంతులో క్రిమిని తరమబోయి ఒళ్లు పొరపాటున మెదడు మీద చెయ్యి చేసుకుంటోందమ్మా" అన్నాడు డాక్టరు. మందు వాడితే వెలుగు ఆరేది, వాడూ కుదుటపడేవాడు. మళ్లీ వెలిగేది, మళ్లీ కుళాయి దగ్గరికి పరుగు. చివరికి డాక్టరు టాన్సిల్స్ తీయడానికి రోజు ఖాయం చేశాడు. "తీస్తే తగ్గితీరుతుందని మాటివ్వలేను" అని కూడా అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి తమ్ముడు అమ్మ కొంగు వదల్లేదు.

అక్కకు లెక్కలు బాగా వచ్చు. పిల్లలు ఇద్దరు, అమ్మ ఒడి ఒకటి. తీసివేస్తే మిగిలిన శేషం తను. వాడికి ఐస్‌క్రీము, వాడికి కథలు. ఆఖరికి సూది కూడా వాడికే! "కాస్త నోరు తెరు నాన్నా" అని అమ్మ వాడి గొంతు వెలుగులో తనే దారం ఎక్కించుకునేది.

"అమ్మా, నాకూ గొంతు నొప్పిగా ఉంది."

"నీకేమే, గుండ్రాయిలా ఉన్నావు. వెళ్లి చదువుకో."

గుండ్రాయి వంటగదిలోకి వెళ్లి తమ్ముడు తాగి వదిలేసిన గ్లాసు ఎత్తి గటగటా తాగేది. వాడి చెంచా నాకేది. అంటుకోవాలిగా! పట్టపగలు అద్దం ముందు నోరు తెరిచి చూసుకుంటే అంతా చీకటే. మూతి ముడుచుకుని తిరిగేది.

ఒక సాయంత్రం కరెంటు పోయింది. గుండీలు సగంలో ఉన్నాయి. అమ్మ అలవాటుగా "నోరు తెరు నాన్నా" అంది. కొత్త మందు పడి వాడి వెలుగు అప్పటికే ఆరిపోయింది. అమ్మ చీకట్లో దారంతో తంటాలు పడుతోంది.

"నన్నడగొచ్చుగా!" అని అక్క గొంతు చించుకుంది. "ఇన్నాళ్లూ ఎక్కించింది ఎవరు?"

సూది తళుక్కుమంది. బెజ్జం కిటికీ అంత స్పష్టంగా కనిపించింది. అమ్మ దారం ఎక్కించి, అప్పుడు తలెత్తి చూసింది.

తమ్ముడు చప్పట్లు కొట్టాడు. "అమ్మా, అక్కది నాకంటే పెద్ద వెలుగు!"

మర్నాడు డాక్టరు అక్క గొంతులో దూదిపుల్ల తిప్పి పరీక్షకు పంపాడు. ఫలితం చూసి తల పట్టుకున్నాడు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా! నొప్పీ జ్వరమూ లేకుండా క్రిమి ఈ పిల్ల గొంతులో కాపురం పెట్టింది. వీడికి తగ్గినప్పుడల్లా ఇక్కణ్ణుంచే మళ్లీ అంటుతున్నట్టుంది. ఒకే గ్లాసులో తాగుతారా ఏమిటి?"

అక్క నేల చూపులు చూసింది. ఆపరేషను వాయిదా పడింది. ముందు అక్కకు మందు.

ఇంటికొచ్చాక తమ్ముడు మంచమెక్కి ఆమె నోటికేసే చూస్తూ కూర్చున్నాడు. "ఇంకోసారి తెరువక్కా. నాకు లేదుగా ఇప్పుడు." వాడి గొంతులో ఉన్నదేమిటో అక్క ఇట్టే పోల్చుకుంది. ఇన్నాళ్లూ తను మింగిన ఉడుకుమోతుతనమే అది.

మందు చెంచా పట్టుకుని అమ్మ నిలబడింది. "రేపు తాగుతానమ్మా. ఈ వెలుగు ఒక్కరోజు ఉండనీ" అనబోయింది అక్క. అంతలో తమ్ముడు దుప్పటి కింద చేతులు దాచుకోవడం కనిపించింది. వేళ్ల కణుపుల దగ్గర పచ్చిపుండ్లు. ఆమె చెంచా లాక్కుని మింగేసింది.

మందు అయిపోయేసరికి ఆమె గొంతు మామూలు గొంతయింది. తమ్ముడి గొంతు మళ్లీ వెలగలేదు. కుళాయి మోత తగ్గుతూ వచ్చింది. ఒకరోజు తలుపు బార్లా తీసి ఉన్నా వాడు అడగడం మరిచిపోయి ఆడుకుంటున్నాడు.

ఆ సాయంత్రం అమ్మ దీపం దగ్గరికి జరుపుకుంది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత సూదీ దారమూ అందించింది.

"ఎక్కించవే."