మ్యూట్ నొక్కని రోజు

నెత్తురు మరకకు వేడినీళ్లు పనికిరావు, ఇంకా పట్టేస్తుంది. చన్నీళ్లే పోయాలి. ఈ విద్య సీతాబాయికి తల్లి నేర్పలేదు, అత్త నేర్పలేదు. లింగమూర్తిని కట్టుకున్నాక తన రవికెలు తానే ఉతుక్కుంటూ నేర్చుకుంది. ఇప్పుడు నార్సింగిలో కొడుకు ఫ్లాటులో, వంటగది టైల్స్ మీద మోకాళ్లూని కోడలి నెత్తురు తుడుస్తోంది. పోలీసులు గేటు దాటారట, జల్దీ కానియ్యమని లింగమూర్తి తలుపు దగ్గర నిలబడి తొందరపెడుతున్నాడు. వంగి ఒక చెయ్యి వేయడు మాత్రం, మహానుభావుడు!

కోడలు శిరీష కడప పిల్ల. మొగుడు రవీందర్‌తో సమానంగా ఉద్యోగం చేస్తుంది, పైగా ఇంటిల్లిపాదికీ వండి పెడుతుంది. ల్యాప్‌టాప్ వంటగట్టు మీదే, చెవిలో మీటింగు, చేతిలో గరిటె. అయినా 'మేనేజరమ్మ' అని దెప్పుళ్లే. మీటింగు మధ్యలో మొగుడు కొడితే ముందు మ్యూట్ నొక్కి, ఆ తర్వాత ఏడ్చేది పిచ్చిది. సీతాబాయి ఎన్నిసార్లు చూడలేదు? చూసి ఏం చేసింది? హాల్లోకి పోయి టీవీ సౌండు పెంచింది. థూ, నాదీ ఒక బతుకేనా అని ఇప్పుడు తన మీద తనకే రోత పుడుతోంది.

ఇవాళ సాయంత్రం చాయ్ ఆలస్యమైందని రవీందర్ అరిచాడు. మీటింగు అయిపోగానే పెడతానంది శిరీష. అంతే. జుట్టు పట్టి ఈడ్చి, మొహాన్ని గ్రానైట్ గట్టుకేసి కొట్టాడు, మళ్లీ కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు సీతాబాయి చెవులారా విన్నది. కింద పడ్డాక కడుపులో తన్నాడు. ఈసారి ఆ పిల్ల మ్యూట్ నొక్కలేదు. నొక్కే వ్యవధి లేకనో, ఇక చాలనుకునో, ఎవరికి తెలుసు? అవతల ఆఫీసువాళ్లంతా విన్నారు. పోలీసులకూ అంబులెన్సుకూ ఫోన్లు చేసింది వాళ్లే. స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే శిరీష చూపు అత్త మీదే ఉంది. మాట్లాడడానికి నోరు లేదు.

కోడలు నీళ్లలో జారిపడిందని, మీటింగులో వినబడింది టీవీ అని చెప్పమని లింగమూర్తి పాఠం నేర్పాడు. జైలనేది దొంగలకు గానీ, పెళ్లాం మీద చెయ్యి చేసుకున్నవాడికి జైలేంది అన్నాడు. ఆ పాఠం సీతాబాయికి కొత్తా? ముందు పళ్లు రాలిన నాడు దవాఖానలో, నీళ్లు చేదుతూ బాయి కాడ జారిపడ్డానని తానే చెప్పింది. ఎట్లా జారావని ఒక్కరూ అడగలేదు.

ఎస్సై భూలక్ష్మి లోపలికి వచ్చి, ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం జరిగిందని అడిగింది. సీతాబాయి గుడ్డ పక్కన పెట్టి లేచింది. రవీందర్ గబుక్కున వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తండ్రి కొట్టేటప్పుడు ఆమె కొంగు చాటున దాక్కుని వణికిన పిల్లవాడు వీడే.

"జారిపడలే అమ్మా. నా కొడుకే కొట్టిండు. నా కండ్లతోని చూసిన. కోర్టుల గూడ ఇదే చెప్త."

లింగమూర్తి చెయ్యి అలవాటుగా పైకి లేచింది. ఎస్సై అడ్డం వచ్చేసరికి గాలిలోనే ఆగింది.

"అమ్మా, నన్ను జైల్ల ఏస్తరే," అని రవీందర్ బావురుమన్నాడు.

సీతాబాయి కూడా ఏడుస్తూనే ఉంది. ఏడుస్తూనే కొడుకు చెయ్యి విడిపించుకుంది.

"ఎయ్యనియ్ బిడ్డా. ఆనాడు మీ నాయనను ఏసి ఉంటే, ఇయ్యాల నువ్వు గిట్ల అయ్యెటోనివి కాదు."