క్యూ అంటే వరస

మా పక్కింటావిడ దర్జీతో అన్నదట. దర్జీ నా ప్యాంటు అంచు మడుస్తూ ఆ మాట నా చెవిన వేశాడు.

"మీ అక్కగారికి మతిమరుపు పట్టుకుందట కదండీ. స్కూటరు కూడా అమ్మేసుకుందట. తాళం వేశానో లేదో అని మళ్లీ మళ్లీ మెట్లెక్కి చూసుకుంటోందట, పాపం. ఎంతండీ వయసు, యాభై ఉంటాయా?"

"నలభై ఎనిమిది."

"అయ్యయ్యో," అని నోట్లో గుండుసూదులు పెట్టుకున్నాడు. ఇక మాట్లాడే వీల్లేకపోయింది. సూదులు అతని నోట్లో ఉన్నా గుచ్చుకున్నది మాత్రం నాకు. మా అక్కకు ఏ మతిమరుపూ లేదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే.

నేను అచ్చుకెళ్లే పుస్తకాలకు కంప్యూటరులో పేజీలు కడతాను. అక్కా బావా పైవాటాలో ఉంటారు, నేను కిందివాటాలో. కంప్యూటరు ఒక్కటే, నా గదిలో ఉంటుంది. మూడేళ్ల కిందట మణికట్టు నొప్పితో మౌసు పట్టలేక, అంతా కీబోర్డుతోనే నడిచే పద్ధతికి మారాను. అందులో తెరమీది విండోలు, అదే కిటికీలు, ఒకదాని మీద ఒకటి పడి దొర్లవు. ఒకటి తెరిస్తే తెరంతా దానిదే. రెండోది తెరిస్తే అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు చెరిసగం. మూడోది వస్తే ఆ సగంలో మళ్లీ సగం. దేన్ని జరపాలన్నా, దేనిలోకి పోవాలన్నా రెండు మీటలు, ఎప్పుడూ ఉండేదొకటి, దానికి తోడు ఒక అక్షరం, కలిపి నొక్కడమే. ఏ మీట ఏ పని చేయాలో మనమే ఒక ఫైలులో రాసిపెట్టుకోవచ్చు. కొంప ముంచింది ఆ సౌకర్యమే.

నొప్పి తగ్గినా నేను వెనక్కి పోలేదు. మౌసును అటకెక్కించాను. అక్క ఒక బడి లైబ్రరీలో పనిచేస్తుంది. పుస్తకాల జాబితాలు ఇంటికి తెచ్చి నా దగ్గరే టైపు చేసుకునేది.

"ఒరేయ్, ఆ ఎలకపిల్లను కిందికి దించరా. ఇది నావల్ల కాదు."

"పది రోజులు ఓపిక పట్టు అక్కా. తర్వాత నువ్వే వద్దంటావు."

"నీకు అఆలు దిద్దించిన పాపం, ఊరికే పోతుందా!" అంటూనే నేర్చుకుంది. మీటలన్నీ తనకు గుర్తుండే తీరులో ఒక కాగితం మీద రాసి, తెర పక్కన గోడకు అంటించింది. పక్క కిటికీలోకి పోవడానికి నేను పెట్టిన అక్షరం క్యూ. దానికెదురుగా అక్క ఇలా రాసుకుంది: 'క్యూ అంటే వరస. వరసలో పక్కవాడి దగ్గరికి.'

బావ అది చదివి, "వరస కలిస్తేనే పోతుందా, ఎవరి దగ్గరికైనా పోతుందా?" అన్నాడు.

"వరస చూసుకునే కదా మిమ్మల్ని చేసుకున్నది. ఏం బావుకున్నాను?" అంది అక్క, తెర మీంచి చూపు తిప్పకుండా.

రెండు నెలలు తిరిగేసరికి అక్క వేళ్లు నా వేళ్లకంటే చురుగ్గా ఆడాయి. కాగితం వైపు చూడడమే మానేసింది.

నిరుడు ఒకనాడు, తోచక, ఇదే పద్ధతి వాడే ఇతరులు ఇంటర్నెట్లో పెట్టిన ఫైళ్లు తిరగేశాను. చాలామంది క్యూను కిటికీ మూసేయడానికి పెట్టుకున్నారు. అదే సబబనిపించింది. నా ఫైలులోనూ ఆ ఒక్క పంక్తి మార్చాను. భోజనాల దగ్గర అక్కకు చెబుదామనుకున్నాను. బావ ఇంకేదో ఎత్తుకున్నాడు, మాట అటు పోయింది. మతిమరుపంటే అదీ.

మర్నాడు పొద్దున అక్క నగర లైబ్రరీలో ఉద్యోగానికి దరఖాస్తు నింపడానికి కూర్చుంది. పదహారేళ్లు పిల్లలు చించిన అట్టలకు జిగురు రాసిన మనిషి. అక్కడ ఒక అంతస్తంతా తన చేతికొస్తుందని ఆశ. హెడ్మాస్టరు ఇవ్వాల్సిన కాగితం ఆ పొద్దుటికిగాని అందలేదు. గడువేమో మధ్యాహ్నం పన్నెండు. నేను కాగితాల కట్టలు తేవడానికి బజారుకెళ్లాను.

ఐదో పేజీలో సర్టిఫికెట్ నంబరు అడిగింది. అది పక్క కిటికీలో ఉంది. అక్క క్యూ నొక్కింది. ఫారం మాయమైంది. నింపినదాంట్లో ఒక్క అక్షరమూ మిగల్లేదు. మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టి మూడో పేజీకి వచ్చేసరికి పన్నెండు కొట్టింది.

నేను తిరిగొచ్చేసరికి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది. జరిగింది చెప్పి, "పక్కదానికి క్యూయే కదరా?" అంది.

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, వెనక్కి పోయింది. "నువ్వేదో తప్పు మీట నొక్కి ఉంటావు అక్కా," అన్నాను.

తన వేళ్లకేసి చూసుకుంది. "అంతే అయ్యుంటుంది," అని మెట్లెక్కింది. అడుగుల చప్పుడు ఆగగానే నేను ఆ పంక్తిని పాతలాగే మార్చిపెట్టాను.

మర్నాడు వచ్చి, నిలబడే క్యూ నొక్కి చూసింది. బుద్ధిగా పక్క కిటికీలోకి పోయింది. ఒకటికి నాలుగుసార్లు నొక్కింది. "నా చేతులే మాట వినట్లేదురా," అని వెళ్లిపోయింది. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోలేదు. జాబితాలు చేత్తోనే రాసుకుంది. కొన్నాళ్లకు, "బ్రేకనుకుని ఇంకోటి నొక్కితే ఎవరి ప్రాణం మీదికొస్తుందో," అని స్కూటరు అమ్మేసింది. రెండు బస్సులు మారి బడికి పోతోంది. ఎండైనా వానైనా గొడుగు పట్టుకుని వీధి మలుపు తిరగడం నా కిటికీలోంచి రోజూ కనిపిస్తుంది. చూస్తూ పేజీలు కట్టుకున్నాను.

దర్జీ దగ్గర్నుంచి నేరుగా ఇంటికొచ్చాను. అటక మీంచి మౌసు దించి, దుమ్ము తుడిచి, తగిలించాను. అక్కనూ బావనూ కిందికి పిలిచాను.

"ఏమిటయ్యా, సంబంధమేమైనా కుదిరిందా?" అన్నాడు బావ.

"అక్కా, ఆ రోజు నీ చేతులు తప్పు చేయలేదు. మీట నేనే మార్చాను, నీకు చెప్పలేదు. నువ్వు పైకెళ్లగానే మళ్లీ పాతలాగే పెట్టేశాను. నీకే మతిమరుపూ లేదు."

బావ ముఖంలో నవ్వు పోయింది. అక్క గోడమీది కాగితం వైపు చూసింది. అంచులు పసుపెక్కినా అక్షరాలు చెక్కుచెదరలేదు.

"ఇదిగో, మౌసు కూడా పెట్టాను. నువ్వు మళ్లీ..."

"స్కూటరు అమ్మేశాను కదరా," అంది అక్క.