పేతురు మణికట్టు

ఆ ఉదయం మబ్బు పలచబడి, చింకి చాపలోంచి జారినట్టు ఎండ చారలు చారలుగా కొల్లేటి మీద పడుతోంది. ఒడ్డునున్న కొత్త చర్చిలో కృపానందం మాస్టారు నిచ్చెన దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి తన గోడను చూసుకున్నారు.

ఏలూరులో ఇరవై ఏళ్లుగా డ్రాయింగు మాస్టారు ఆయన. పిల్లల చేత కుండలూ ఆకులూ వేయించడమే గాని, తనదని చెప్పుకోవడానికి ఒక్క గోడ లేదు. పందొమ్మిదివందల ముప్పయ్యారు వేసవి సెలవుల్లో ఈ సంఘంవాళ్లు పిలిచి, ఏసు శిష్యుడైన జాలరి పేతురు వల విసిరే బొమ్మ గోడ నిండా వేయమన్నారు. తెల్లవారితే ప్రతిష్ఠ. తాడేపల్లిగూడెం నుంచి కూడా జనం వస్తున్నారు.

సంఘపెద్ద వరదానం చూసి, పేతురు బతికొచ్చాడన్నాడు. గచ్చుకు సున్నం మోసిన ఏసోబు మాత్రం నోరు మెదపలేదు. కొల్లేట్లో వల వేసుకు బతికేవాడు. మాస్టారు రెండుసార్లు అడిగాక తల గోక్కున్నాడు.

"వల తాడు చేతికి తగిలించుకోలేదండి మేస్టారూ. అలా ఇసిరితే చేపలు అటుంచి, వలే పోద్దండి."

నిజమే. పేతురు మణికట్టు ఉత్తగా ఉంది. మాస్టారు ఆ వలను సీమదొరల పుస్తకంలోని పటం చూసి వేశారు.

జానెడు తాడుకేముంది, పైన ఒక గీత గీసేయమన్నాడు వరదానం. ఆ గీత నిలవదని మాస్టారికి తెలుసు. పచ్చి గచ్చు తాగిన రంగే గోడలో కలుస్తుంది. ఆరిన గచ్చు మీద పూసింది వానాకాలానికి పొట్టులా రాలిపోతుంది. వదిలేద్దామంటే, రేపు వచ్చేవాళ్లలో సగంమంది వల వేసేవాళ్లే.

విక్టోరియా పక్కన కూర్చుని తలెత్తకుండా రంగు నూరుతోంది. ఆయన దగ్గరే నేర్చుకుని, అత్తిలి బడిలో బొమ్మలు నేర్పుతున్న పిల్ల. ఏసోబు చెయ్యి చూసి వేసుకుందామని మాస్టారు ఆమె బొమ్మల పుస్తకం అందుకుని తిప్పారు. ఆ చెయ్యి అందులో అప్పటికే ఉంది. మణికట్టున తాడు ఉచ్చు, దాని కింద ఒరుసుకుపోయిన చర్మంతో సహా.

"ఇదెప్పుడు వేశావు?"

"వచ్చిన రెండో రోజండీ."

"మరి చెప్పలేదేం?"

"మీరు వేసింది తప్పని నేనెలా అంటానండీ?"

మాస్టారు పుస్తకం ఆమె ఒళ్లో పెట్టారు. కంటితో చూసింది వెయ్యండర్రా అని ఇరవై ఏళ్లు నల్లబల్ల ముందు అరిచింది తనే. ఉలి తీసుకుని పేతురు చేతిని మోచేతిదాకా చెక్కేశారు. వరదానం గుండె పట్టుకుని బెంచీ మీద కూలబడ్డాడు. ఏసోబు గచ్చు కలిపి తెచ్చాడు. మాస్టారు దాన్ని మెత్తి, నునుపు చేసి, కుంచె విక్టోరియా ముందు పెట్టారు.

"పాడైతేనండీ?"

"మళ్లీ చెక్కుతాను. ఎక్కు."

ఆమె కొంగు దోపుకుని ఎక్కింది. ఆయన నిచ్చెన పట్టుకు నిలబడ్డారు. తన గోడ మీద మరొకరి చెయ్యి పడుతుంటే ఎక్కడైనా ముల్లు గుచ్చుకుంటుందేమోనని వెతుక్కున్నారు. గుచ్చుకోలేదు. తాడు మణికట్టున బిగిసేసరికి, పేతురు బరువు కాళ్లలోకి దిగినట్టుంది. ఏసోబు తనకు తెలియకుండానే తన మణికట్టు తడుముకున్నాడు.

ఇంతకీ ఎవరండీ ఈ అమ్మాయి అని వరదానం అడిగాడు.

"నా శిష్యురాలండి. ఆ చెయ్యి ఆవిడది," అన్నారు మాస్టారు, చర్చి అంతా వినపడేట్టు.

మధ్యాహ్నం ఏసోబు భార్య పాపాయమ్మ అన్నం, కొర్రమేను పులుసు తెచ్చి ఆకులు పరిచింది. అందరూ గోడకేసి తిరిగి కూర్చున్నారు. పులుసు వేడిగా ఉంది. ఊదుకుంటూ, గోడను చూస్తూ తిన్నారు.