చెప్పుల కాపలా

ప్రోగ్రెస్ కార్డులో ఆటలకు 'ఏ' గ్రేడు వేశారు. చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. నా కూతురికి కళ్లు కనిపించవు. మూడేళ్లుగా ఆటల పీరియడ్‌లో అది చేస్తున్నదల్లా వరండాలో కూర్చుని తోటి పిల్లల చెప్పులకు కాపలా కాయడమే. మరి దొంగలెవరూ రాలేదనా ఆ గ్రేడు?

కార్డు పట్టుకుని మా ఊరి బడికి వెళ్లి డ్రిల్లు మాస్టారిని నిలదీశాను.

"పడితే దెబ్బలు తగులుతాయమ్మా. రేపు ఎవరిది బాధ్యత?" అన్నాడు, విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ.

"పడని పిల్లలెవరండీ మీ బడిలో? ఒక్కళ్లని చూపించండి!"

"అయితే ఎలా ఆడించాలో మీరే చెప్పండి మరి."

చెబుతాను, నాకేం భయం! ఆ బడి పిల్లల యూనిఫారాలు కుట్టేది నేనే. మిగిలిన గుడ్డముక్కలతో బంతి కుట్టి, మధ్యలో గులకరాళ్లు వేసిన రేకు డబ్బా పెట్టాను. కదిపితే చాలు, గలగలమంటుంది. శుక్రవారం ఆటల పీరియడ్‌కి వరండా గచ్చు మీద గీతలా పురికొస పరిచి, పైన టేపు అంటించాను. గీత ఎక్కడుందో పాదానికి తెలియాలి కదా.

పిల్లలందరూ కళ్లకు గంతలు కట్టుకున్నారు. దొర్లివచ్చే బంతిని చప్పుడు విని ఆపాలి, అంతే ఆట. మా అమ్మాయి వంతు వచ్చింది. బంతి దొర్లగానే మాస్టారు విజిల్ ఊదాడు. బంతి దాని పక్కనుంచే పోయింది. మళ్లీ దొర్లించారు, మళ్లీ ఊదాడు.

"అమ్మా, నాకు వినబడట్లేదే," అంది నా కూతురు, ఏడుపు ఆపుకుంటూ.

"చూశారా? నేను ముందే చెప్పాను," అన్నాడు మాస్టారు. "సోమవారం నుంచి మళ్లీ చెప్పుల దగ్గరే కూర్చోనివ్వండి. గ్రేడు ఎక్కడికీ పోదు."

ఇక నావల్ల కాలేదు. అతని మెడలోని విజిల్ లాగేసి గుప్పిట్లో పెట్టుకున్నాను.

"కాసేపు నోరు మూసుకుని నిలబడండి! దానికి చెవులే కళ్లు. వాటిలో దుమ్ము కొడుతున్నది మీరే!"

వరండాలో చడీచప్పుడు లేదు. బంతి గలగలమంటూ వచ్చింది. నా చిట్టితల్లి అమాంతం దాని మీదికి దూకింది. మోకాలు గీరుకుపోయి రక్తం వచ్చింది.

"అయ్యో, రక్తం! నేను చెప్పలేదూ!" అని మాస్టారు గగ్గోలు పెట్టాడు.

అది బంతిని పొట్టకు అదుముకుని లేచి, ఆ గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"సార్, నేనింకా ఆడాలి. చెప్పులు మీరు చూసుకోండి."