ముప్ఫై ఏడో నంబరు కంచం

నేను ఒక స్టీలు కంచాన్ని, ఈ ఊరివాళ్ల మాటలో తలెను. నన్ను మూడు గుంతల కంచం అంటారు. పెద్ద గుంత అన్నానికి, రెండు చిన్నవి కూరకూ గుడ్డుకూ. నా అంచు మీద సన్నని చుక్కలతో 'కీ.శే. అనంతలక్ష్మమ్మ గారి జ్ఞాపకార్థం' అని చెక్కారు. దాని కింద నా నంబరు, 37.

నేను పుట్టింది హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో. అచ్చు కింద రేకు పెట్టి ఒక్క దెబ్బ కొడితే నా గుంతలు పడ్డాయి. పక్క బల్ల మీద పేరు, నంబరు వేశారు. అక్కడి నుంచి గోనెసంచిలో కట్టుకుని గద్వాల వైపు ఒక పల్లెకు, ప్రాథమిక పాఠశాలకు తెచ్చారు.

అనంతలక్ష్మమ్మ గారిని నేను చూడలేదు. ఆమె కొడుక్కి పత్తి మిల్లు ఉంది. ఆ బడి హెడ్మాస్టరు నరహరి సారూ, ఆ కొడుకూ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద చదువుకున్నారు. మేం రాకముందు పిల్లలు మధ్యాహ్నం అన్నానికి ఇంట్లో ఏది దొరికితే అది తెచ్చుకునేవారట. ఒకడు టిఫిను మూత, ఇంకొకతి కుండ మీది మూకుడు. ఏమీ లేనివాడు స్నేహితుడు తినేదాకా నిలబడి, ఆ గిన్నే కడుక్కుని తినేవాడట. సారు ఇది చూడలేకపోయారు. స్నేహితుణ్ణి అడిగారు. ఎన్ని కావాలి అని ఆయన అడిగితే హాజరు పట్టీ చూసి అరవై నాలుగు అన్నారు. అరవై నాలుగు కంచాలూ వచ్చాయి.

మమ్మల్ని పంచిన రోజు బడి ముందు ముగ్గులు వేశారు. మిల్లు యజమాని కళ్లు తుడుచుకుంటూ తల్లి గురించి నాలుగు మాటలు చెప్పాడు. పిల్లలందరూ మమ్మల్ని గుండెల దగ్గర పట్టుకుని వరుసగా నిలబడ్డారు. ఫొటో తీసే అతను కెమెరాలోంచి చూసి, "ఆ చిన్నోణ్ణి కొంచెం పక్కకు జరుపుండ్రి, వాని చేతిల తలె లేదు" అన్నాడు.

ఆ చిన్నోడు ఉరుకుందు. రెండున్నరేళ్లు. వాణ్ణి పక్కకు జరిపి మళ్లీ వరుసలోకి వచ్చింది వాళ్లక్క జములమ్మ. మూడో తరగతి. నేను ఆమె కంచాన్ని.

జములమ్మ తండ్రి పుణెలో మేడలు కట్టే పనికి పోయాడు. తల్లి తిమ్మక్క తెల్లవారకముందే కూలికి పోయేది. ఊళ్లో అంగన్‌వాడీ ఉంది గానీ, అక్కడి టీచరు బదిలీ అయి ఏడాది. అందుకని జములమ్మ సంచీ ఒక భుజానికి, తమ్ముణ్ణి ఒక చంకకు వేసుకుని బడికి వచ్చేది. వాడు ఆమె పక్కన కూర్చుని పలక మీద గీతలు గీసేవాడు.

"ఏయ్ జములా, మీ తమ్ముడు ఏ క్లాసే?" అని మగపిల్లలు ఆట పట్టించేవారు.

"మూడే. నీకంటె మంచిగ చదువుతడు, పో" అనేది.

నేను రాకముందు ఆమె తెచ్చుకునేది ఒక వెడల్పాటి సత్తు తాంబాళం. సొట్టలు పడిన పాతది. అందులో వంటమనిషి సవారమ్మ గరిటెన్నర అన్నం వేసేది. అక్కాతమ్ముళ్లిద్దరూ చెరో పక్క కూర్చుని తినేవారు. ఆ అరగరిటె గురించి ఎవరూ అడగలేదు. ఎవరి పాత్ర ఎంతో ఎవరు చూస్తారు?

మాతోపాటే కొత్త పద్ధతులు వచ్చాయి. నంబరు ప్రకారం వరుస. ఒక్కొక్కరికి ఒక్కసారే వడ్డన, ఎందుకంటే పెద్ద పిల్లలు రెండుసార్లు వస్తే చివరి పిల్లలకు మిగిలేది కాదు. అన్నీ న్యాయమైనవే. ఇంటి గిన్నెలు ఇక తేవద్దని సారు చెప్పారు.

నా పెద్ద గుంతలో ఒక్క గరిటె అన్నమే పడుతుంది. మొదటిరోజు సవారమ్మ మీద ఇంకొంచెం వేసి గరిటెతో అదిమి చూసింది. గట్టు దాటి కొన్ని మెతుకులు కూరలో పడ్డాయి, కొన్ని నేల మీద పడ్డాయి.

"ఇగ పట్టదే తల్లీ. ఈ తలె చేసినోనికి పిల్లల్లేనట్టుంది" అంది.

అప్పటినుంచి ముందు ఉరుకుందు తినేవాడు. రెండు చేతులతో తినేవాడు. మిగిలింది అక్కది. గుడ్డు పెట్టే రోజున పెంకు ఒలిచి గుడ్డంతా వాడి నోటికే అందించేది. పచ్చసొన అంటే వాడికి ప్రాణం. వాడు తిన్నాక నా గుంతలన్నీ వేలితో తుడుచుకుని, బోరింగు దగ్గర కడుపు నిండా నీళ్లు తాగి వచ్చేది. సవారమ్మ నన్ను ఉత్త నీళ్లలో ముంచి తీసేది. తోమడానికి నాలో ఏమీ ఉండేది కాదు.

ఒకరోజు అన్నం గంట కొట్టకముందే జములమ్మ నన్ను పట్టుకుని సారు బల్ల దగ్గరికి పోయింది.

"సార్, నాకు ఈ తలె వద్దు సార్."

"ఏమైందమ్మా, సొట్ట పడ్డదా?"

"పడలే. నా సత్తు తాంబాళమే తెచ్చుకుంట."

సారు నవ్వారు. "కొత్త స్టీలుది ఇస్తే పాత సత్తుది అంటవేందే! అందరు ఒక్క తీరుగ తినాలె. ఒకరిది పెద్దది, ఒకరిది చిన్నది ఉండొద్దు."

"అది వెడల్పుంటది సార్."

"ఉంటే?"

ఆమె వేళ్లు నా అంచుకు బిగుసుకున్నాయి. చెబితే తమ్ముణ్ణి అసలు రానివ్వరేమోనని భయం. సారు రాస్తున్న కాగితం మీదికి మళ్లీ చూపు తిప్పి, "అన్నట్టు జములమ్మా, ఎల్లుండి పైనుంచి ఆఫీసర్లు వస్తున్నరు. తమ్ముణ్ణి ఒక్కదినం ఇంటికాడ ఉంచి రా" అన్నారు. చాలా మెత్తగానే అన్నారు.

ఇంటి దగ్గర ఎవరున్నారని ఉంచి వస్తుంది?

ఆఫీసర్లు వచ్చిన రోజు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అది విత్తనాల కోసం వేసే సీడు పత్తి కాలం. సాయంత్రం మొగ్గలు గిల్లాలి, పొద్దున మగపువ్వు తెచ్చి వాటికి అద్దాలి. చిన్న వేళ్లయితే పని నాజూకుగా అవుతుందని పిల్లల్ని పిలుస్తారు. ఆ నెలల్లో బడిలో పదిమంది తగ్గడం మామూలే. అందుకే సారు కూడా పదిహేను రోజులు అడగలేదు. రోజూ యాభైకి పైగా కంచాలు ఎంగిలి అయ్యేవి, నేను శుభ్రంగా అడుగున ఉండేదాన్ని.

చివరికి సవారమ్మే నన్ను తీసుకుపోయి సారు ముందు పెట్టింది.

"ఈ పిల్ల చేన్ల ఉంది సార్. దీంట్ల ఇద్దరికి సాలక పోయింది."

"ఇద్దరెవరు?"

"దాని తమ్ముడు. వాడు మీ రిజిస్టర్ల లేడు గని, వానికి కడుపైతే ఉంది గద సార్."

సారు నన్ను దగ్గరికి లాక్కున్నారు. వేలితో నా పెద్ద గుంత లోతు తడిమారు. తర్వాత సవారమ్మ చేత అన్నం, పప్పు, గుడ్డు పెట్టించి, తువ్వాల కట్టి, ఎండలో చేనుకు నడిచారు.

పత్తి చెట్లు జములమ్మ ఎత్తున ఉన్నాయి. ఆమె వేళ్లకు పసుపురంగు పుప్పొడి అంటుకుని ఉంది. గట్టు మీద చీర కట్టిన నీడలో ఉరుకుందు జొన్నరొట్టె నములుతున్నాడు.

"బడికి రావే జములమ్మా" అన్నారు సారు.

"ఈడ ఇద్దరికి పెడ్తరు సార్" అంది ఆమె. కోపంగా కాదు. లెక్క అప్పజెప్పినట్టు అంది.

సారు తువ్వాల విప్పారు. ఉరుకుందు పరుగెత్తుకుని వచ్చి గుడ్డు అందుకున్నాడు. కానీ రొట్టెతో కడుపు నిండింది కాబోలు, సగం కొరికి వదిలేశాడు. ఆ మిగిలిన సగం జములమ్మ తిన్నది. నా దగ్గర ఆమె పచ్చసొన తినడం అదే మొదలు. మోటారు పైపు కింద నన్ను కడిగి, లంగా అంచుతో తుడిచి సారుకు ఇచ్చింది.

"ఉంచుకో, రేపు నువ్వే పట్టుకుని రా" అన్నారు సారు.

"వద్దు సార్. ఒక తలె తక్కువొస్తె సవారమ్మ మీదికొస్తది."

పత్తి పని అయిపోగానే తిమ్మక్క పిల్లలిద్దర్నీ తీసుకుని పుణె పోయింది. ఆ తర్వాత వాళ్ల క్షేమసమాచారం ఏదీ నాకు తెలియదు.

ఇప్పుడు బడిలో నంబర్ల వరుస లేదు. ఎవరి చేతికి వచ్చిన కంచం వాళ్లది. అక్కల చంకనెక్కి వచ్చే చిన్నపిల్లలకు విడిగా పెట్టాలని సారే చెప్పారు. వాళ్ల కోసం సారూ సవారమ్మా కలిసి ఇంటి నుంచి చెరికాస్త బియ్యం తెస్తారు. నేను ఎక్కువగా ఆ చిన్నవాళ్లకే వస్తాను. వాళ్లు సగం తిని ఆటకు లేచిపోతారు. నా గుంతలో మిగిలిన అన్నాన్ని గోడ వెనక కుక్కకు వేసి, సవారమ్మ నన్ను బూడిదతో తోముతూ గొణుక్కుంటుంది.

"ఆ పిల్లకు అప్పుడు లేకపాయె."