ఎడమవైపు కుంగిన కారు

ఆదివారం పొద్దున్నే కళ్ళజోళ్ళాయన కారు కింద ఉంటాడని వీధిలో అందరికీ తెలుసు. షాపుకి సెలవు కదా, హాయిగా పడుకోవచ్చు కదా. అబ్బే! పాత గోనెసంచి పరుచుకుని, నోట్లో టార్చిలైటు కరుచుకుని స్ప్రింగులకేసి చూస్తూ ఉంటాడు. ఊళ్ళోవాళ్ళ కళ్ళకి అద్దాలు సరిచూసే మనిషి. వెంట్రుకవాసి తేడా ఉన్నా నిద్రపట్టదు.

"ఇంకొక్క వారం అమ్మా," అనేవాడు కారు కిందనుంచే.

గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న అమ్మ నడుం సర్దుకునేది. "నీ వారాలు ఎప్పటికి తెములుతాయిరా? బస్సెక్కించు, వెళ్ళిపోతాను."

"బస్సులో నీ నడుం విరుగుతుంది. కారులో పువ్వులా తీసుకెళ్తాను."

అమ్మకి ఉన్న కోరిక ఒక్కటే, కూతురి దగ్గరికి వెళ్ళి నాలుగు రోజులుండడం. ఒక పూట ప్రయాణం, దారి నిండా గుంతలు. కానీ అసలు గుంత వేరే ఉంది. కళ్ళజోళ్ళాయనకీ అక్కకీ మాటల్లేవు. "అమ్మ నా దగ్గరుంటే బాగా చూసుకుంటాను" అని అక్క అంది. "అంటే నేను చూసుకోవట్లేదనా?" అని ఈయన లేచాడు. మాటా మాటా పెరిగింది. చివరికి అక్క, "నీ అంతట నువ్వే అమ్మని తెచ్చి నా గుమ్మంలో దింపినరోజే నీతో మాట్లాడతాను" అని వెళ్ళిపోయింది. అక్క మొండిదే, తమ్ముడేం తక్కువ తిన్నాడా?

అందుకని ముందు కారు బాగుచేయించాలన్నాడు. వీధి చివరి గ్యారేజీ ఆయన్ని అందరూ 'రేపు' అని పిలుస్తారు, ఏమడిగినా రేపే అంటాడు కాబట్టి. కొత్త స్ప్రింగులు వేశాడు, గట్టిగా ఉన్నాయి. అవి మార్చి మెత్తనివి వేశాడు, మలుపులో కారు ఊగింది. ఈలోగా బ్రేకు తొక్కితే అమ్మ ముందుకు తూలుతుందేమోనని బ్రేకులు కూడా మార్చమన్నాడు కళ్ళజోళ్ళాయన. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. 'రేపు' చేసిన ఆలస్యం సగమే. మిగతా సగం అక్క మొహం చూడలేక ఈయన చేయించుకున్నది.

కారు నాలుగు చక్రాలూ ఊడి 'రేపు' గ్యారేజీలో ఉండగా అమ్మ నిద్రలో పోయింది.

అక్క వచ్చింది. అమ్మ పక్కన కూర్చుని ఏడ్చింది. తమ్ముడితో ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

తర్వాత కారు ఇంటికొచ్చింది. చూస్తే వెనక ఎడమవైపు కుంగి ఉంది. వెంటనే వెనక్కి తోలుకెళ్ళాడు. 'రేపు' కిందకి వంగి చూసి, వెనక కిటికీలోంచి ఓసారి చూసి, చేతులు తుడుచుకున్నాడు.

"స్ప్రింగు బాగానే ఉందండీ. అమ్మగారు కూర్చున్నారు, అంతే."

ఎవరూ వింతపడలేదు. పక్కింటావిడ, "పోనీలే, ఇన్నాళ్ళకి గడప దాటింది" అంది. భార్య సీటు మీద నడుం దగ్గర దిండు పెట్టింది. పెట్రోలు బంకులో కుర్రాడు ఎడమవైపు అద్దానికి గుడ్డ కట్టి, "పెద్దావిడకి ఎండ తగులుతోంది సార్" అన్నాడు.

మరి ఇంక బయల్దేరాలి కదా? ఈ మహానుభావుడు ఇంకో గ్యారేజీకి వెళ్ళాడు. అద్దాల తలుపులూ చల్లగాలీ ఉన్న పెద్ద గ్యారేజీ. చక్రాలు సరిచూసే అతను మర్యాదగా, "మేడమ్‌గారిని కాసేపు దిగమనండి సార్, కొలతలు తీసుకోవాలి" అన్నాడు. కాసేపు చూశారు. మేడమ్‌గారు దిగలేదు. ఉన్నవాటిలోకెల్లా గట్టి స్ప్రింగులు వేశారు, కారు అలాగే కుంగి ఉంది.

ఆ సాయంత్రం భార్యకి ఓపిక అయిపోయింది. "ఆవిడ దిగాల్సింది గ్యారేజీలో కాదండీ. మీకూ తెలుసు."

కళ్ళజోళ్ళాయన అన్నాడు, "ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటావు?"

"ఉన్న మొహమే పెట్టుకుని వెళ్ళండి. దాన్ని మార్చే గ్యారేజీ లేదు."

మర్నాడు పొద్దున్నే ఒక్కడే బయల్దేరాడు. ఒక్కడే అంటే, అమ్మ వెనకుంది. ప్రతి గుంతకీ ముందుగానే బ్రేకు మీద కాలు వేశాడు. ఒకచోట వెనక సీటు కిర్రుమంది.

"నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగాడు.

 ఆవిడ బతికుండగా స్ప్రింగుల గురించి అంత ఆలోచించినవాడు, ఈ మాట ఎన్నిసార్లు అడిగాడో గుర్తుచేసుకోబోయాడు. ఒక్కసారీ గుర్తురాలేదు. కళ్ళు తుడుచుకుని బండి పోనిచ్చాడు.

అక్క వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఒకవైపుకి ఒరిగి వస్తున్న కారుని చూసి, తడిబట్ట చేతిలోనే ఉండగా ఆగిపోయింది. దగ్గరికి వచ్చి వెనక తలుపు తీసి చెయ్యి చాపింది. "దా అమ్మా. మెల్లిగా."

కారు కొంచెం కొంచెంగా పైకి లేచింది.

అక్క అమ్మ చేతిని అలాగే బరువుగా పట్టుకుని, ఒక్కో అడుగూ వేస్తూ లోపలికి నడిచింది. కిటికీ పక్కన మంచం సిద్ధంగా ఉంది. నడుంకి మంచిదని పరుపు కింద చెక్క కూడా వేసి ఉంది. అది ఎప్పట్నుంచి అలా ఉందో ఆయన అడగలేదు. పరుపు మెల్లిగా అణిగింది.

అక్క దుప్పటి సర్ది గుమ్మం వైపు తిరిగింది. "అక్కడే నిలబడ్డావేంరా? లోపలికి రా."

అక్క మాట తప్పని మనిషి. ఆయన వచ్చి మంచం పక్కన కింద కూర్చున్నాడు. అక్క అంది, "పాత స్ప్రింగులతోనైనా వచ్చేదిరా అమ్మ."

"తెలుసక్కా."

తిరుగు ప్రయాణంలో కారు నాలుగువైపులా సమానంగా ఉంది, ఆయన ఇన్నాళ్ళూ కోరుకున్నట్టే. పొద్దున సీటు కిర్రుమన్న గుంత వచ్చింది. ఈసారి బ్రేకు తొక్కలేదు, పైగా కావాలనే ఎడమ చక్రాన్ని అందులోకి దింపాడు. ఒక్కసారైనా వెనకసీటు కిర్రుమంటే చాలనుకున్నాడు. స్ప్రింగులు చాలా బాగా కుదిరాయి. కుదుపే తెలియలేదు.